వైరు బాగానే ఉంది

నాన్న పోయి ఏడాది నిండినప్పుడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మేముండే సందు చివరే చర్చి. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి నాన్న గురించి మాట్లాడారు. ఒకాయన ఆయన్ని స్తంభమన్నాడు. ఇంకొకాయన దీపమన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. పోయినవాళ్ళ గురించి అలాంటి మాటలు వింటే వాళ్ళు ఇంకాస్త దూరమైనట్టు ఉంటుంది నాకు. నాన్న ఓడల డాక్‌లో ఖలాసీ. ముప్పై ఏళ్ళకు పైగా క్రేన్లకు ఇనుప తాళ్ళు కట్టాడు, మార్చాడు, బాగున్నాయో లేదో చూశాడు. ఆ తాడును వాళ్ళు వైరు అనేవారు. స్తంభం, దీపం అన్నవాళ్ళలో వైరు మాట ఎవరూ ఎత్తలేదు.

చివర్లో మావయ్య లేచాడు. ఆయన మాకు చుట్టం కాదు. నాన్నతో పాటు శ్రీకాకుళం నుంచి వచ్చి, నాన్న జట్టులోనే పనిచేసి రిటైరైనవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

"మా బావ మంచోడని మీరందరూ సెప్పేసినారు. నాకేటీ మిగల్నేదు," అన్నాడు. "నానొక్క ముక్క సెప్తాను. క్రేను కొమ్ము సివర కూకోని బీడీ కాల్సినోడు మా బావ. పాస్టరుగారు ఏటీ అనుకోకండి, పాత మాట. అసుమంటోడు, పార్కుల పిల్లలెక్కే రోప్‌వే ఎక్కరా బావా అంటే, నాకు బయ్యం, నానెక్కను అన్నాడు. సచ్చేదాకా ఎక్కనేదు."

అందరూ నవ్వారు. నా భార్య కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. పదకొండేళ్ళ మా అమ్మాయి పగలబడి నవ్వింది. ఆ రోజు చెప్పిన మాటలన్నిట్లో నాన్న మనిషిలా కనబడింది ఆ ఒక్కదాన్లోనే. అది అబద్ధం. పుట్టించింది నేను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చలికాలంలో సండే స్కూలు వాళ్ళు పిక్నిక్‌కి తీసుకెళ్ళేవారు. ఆ ఏడు బైపాస్ దాటాక ఉన్న పార్కుకి వెళ్ళాం. అక్కడ చెరువు మీదుగా రోప్‌వే ఉండేది. ఇద్దరు పట్టే కుర్చీలు, ముందు ఒక ఇనుప కడ్డీ, కింద నీళ్ళు. కుర్చీ ఎవరికోసమూ ఆగదు. నేల మీద పాదాల గుర్తులు పెయింటు వేసి ఉంటాయి. వాటి మీద నిలబడితే కుర్చీ వెనక నుంచి వచ్చి మోకాళ్ళ వెనక తగులుతుంది. కూర్చుంటే లేపుకు పోతుంది.

నాకు ఎత్తు పడదు. మా ఇంటి మేడమెట్లకు ఒక పక్క గోడ ఉండేది, ఇంకో పక్క ఏమీ ఉండేది కాదు. గోడకి భుజం ఆనించి ఎక్కేవాణ్ణి. చొక్కాకు ఆ పక్కంతా సున్నం అంటేది. అమ్మ ఉతికేది కాని ఎందుకని అడగలేదు. ఖలాసీ కొడుకు పైకి చెప్పుకునే సంగతి కాదది.

క్యూలో ముగ్గురు స్నేహితులతో నిలబడ్డాను. మా ముందు ఇద్దరే మిగిలారు.

"ఏట్రా, కాళ్ళు ఒణుకుతున్నాయి?" అన్నాడొకడు. "నువ్వు ఖలాసీ కొడుకువేనా, మార్చేసినారా ఆస్పత్రిలో?"

"మా నాన్న ఎక్కొద్దన్నాడు," అన్నాను. అక్కడితో ఆపితే సరిపోయేది. "వైరు బాగోలేదంట."

నాన్న నాతో ఏమీ అనలేదు. ఆయన అప్పుడు దుప్పటి మీద కూర్చుని అందరికీ ఉడికించిన గుడ్ల పెంకులు తీస్తున్నాడు.

డాక్‌లో పనిచేసే కుటుంబాల మధ్య ఆ మాట ఎంత బరువైందో నాకు ఒక్క నిమిషంలో తెలిసింది. ఇంకొకడు అన్న మాటైతే ఎవరూ పట్టించుకోరు. వైరు గురించి నాన్న అన్నాడంటే వేరు. పిల్లలు పైన కుర్చీల్లో ఉన్న తల్లులు లేచి కంచె దగ్గరికి పరిగెత్తారు. "ఓలమ్మో, నా గుంట పైనుందే!" అని ఒకామె ఏడుపు అందుకుంది. మావయ్య నాన్న దగ్గరికి వచ్చాడు.

"ఏటి బావా, వైరు బాగోనేదా? నువ్వన్నావంట, నీ కొడుకు సెప్తన్నాడు."

నాన్న చేతిలో గుడ్డు కింద పెట్టాడు. ముందు నన్ను చూశాడు. ఎంతోసేపు కాదు. తర్వాత కంచె దాకా నడిచి వెళ్ళి, తాడు పెద్ద చక్రం చుట్టూ తిరిగే చోటుని చూస్తూ నిలబడ్డాడు.

ఏం చూస్తున్నాడో నాకు తెలుసు. ఎన్నోసార్లు చెప్పాడు. తళతళలాడే వైరు మంచిదని జనం అనుకుంటారు, అది తప్పు. గ్రీజు పట్టి నల్లగా ఉన్నదే మంచిది. పొడిగా ఉండి ఎర్ర పొడి రాలుస్తుంటే తుప్పు లోపల తినేస్తున్నట్టు. డాక్‌లో అయితే చేతిలో పాత గుడ్డ పట్టుకుని వైరు పొడుగునా తుడుచుకుంటూ పోయేవాడు. తెగిన పోగు ఎక్కడైనా ఉంటే గుడ్డ దారం పట్టుకుంటుంది. ఉత్త చేత్తో తుడిస్తే చెయ్యి చీరుకుపోతుంది. కంచె అవతల నుంచి గుడ్డ పెట్టడం కుదరదు. కళ్ళతోనే చూడాలి. ఆయన చూస్తుండగా నాలుగు కుర్చీలు చక్రం తిరిగి వెళ్ళాయి.

వెనక్కి వచ్చి అందరికీ వినబడేలా చెప్పాడు.

"వైరు బాగానే ఉంది. నాకే బయ్యం. అందుకే మావోణ్ణి ఎక్కొద్దన్నాను."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులు. ఏడుస్తున్నామె కూడా ముక్కు తుడుచుకుని నవ్వింది. మావయ్య నాన్న భుజం మీద చరిచి, "నీకా? బయ్యమా?" అని అడిగిందే అడిగాడు. నాన్న మళ్ళీ కూర్చుని గుడ్డు అందుకున్నాడు.

ఇంటికి వచ్చాక తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. ఆ విషయం ఆ తర్వాత మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు.

ఇన్నేళ్ళలో నేను అర్థం చేసుకున్నది ఇంతే. వైరు బాగోలేదని ఆయన చెప్పలేడు. దాని కింద మనుషులుంటారు కాబట్టి వైరు గురించి అబద్ధమాడడం ఆయనకి చేతకాదు. అలా అని నా కొడుకు అబద్ధమాడాడని నలుగురిలో చెప్పలేడు. అబద్ధం చెప్పడానికి మిగిలింది తన గురించే.

భయస్థుడన్న పేరు ఆయన్ని వదల్లేదు. ప్రతి పిక్నిక్‌కీ ఎవరో ఒకరు "బావకి టికెట్ తియ్యండ్రా" అనేవారు. నాన్న నవ్వేవాడు. నేను చదువుకుని ఒక స్కూల్లో లైబ్రేరియన్ అయ్యాను. నేల మీద చేసే పని. అబద్ధం గురించీ భయం గురించీ చాలా పుస్తకాలు చదివాను కాని, ఈ ఒక్క మాట మావయ్యకి చెప్పలేకపోయాను. ఆసుపత్రిలో నాన్న చివరి వారం మావయ్య చూడ్డానికి వచ్చి, పక్కన స్టూలు మీద కూర్చుని, "ఏటి బావా, పైకెల్డానికి ఇప్పుడూ బయ్యమేనా?" అన్నాడు. నాన్న నవ్వబోతే దగ్గొచ్చింది. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాను. గ్లాసు నోటికి అందించాను.

పైగా, ఆ అబద్ధాన్ని మళ్ళీ వాడాను కూడా. మా అమ్మాయి రోప్‌వే ఎక్కుతానన్నప్పుడల్లా "తాత వద్దన్నాడు" అనేవాణ్ణి. ఎక్కడో కొండ మీద తాడు తెగిందని పేపర్లో వస్తే చదివి వినిపించేవాణ్ణి. మనవరాలి ముందు కూడా నాన్న ఆ మాట కాదనలేదు.

కూడిక అయిన నెలకి, జనవరిలో, పిక్నిక్ మళ్ళీ ఆ పార్కులోనే పెట్టారు. నేను వెళ్ళకూడదనుకున్నాను. అమ్మాయి కోసం వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మావయ్య కమలాపండు ఒలుస్తుంటే, ఆయన పక్కన కూర్చుని అమ్మాయి మొదలుపెట్టింది.

"నాన్నా, రోప్‌వే."

"వద్దు."

"తాత లేడు కదా. ఇప్పుడు ఎవరు వద్దంటున్నారు?"

నేను ఎంగిలి విస్తళ్ళు ఎత్తసాగాను.

"తాత భీతు. నేను భీతు కాదు," అంది. పిరికివాణ్ణి బెంగాలీలో అలా అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కాని, వెక్కిరింపులన్నీ దానికి బెంగాలీలోనే వస్తాయి.

మావయ్య నవ్వాడు. "మీ తాత బీతు కాదే గుంటా. ఒక్క దీనికే..."

"తాత కాదు, భీతు నేను," అన్నాను.

అంతా చెప్పాను. క్యూ సంగతి, వైరు మాట, ఆయన కంచె దగ్గర నిలబడడం. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దీనికోసం ముప్పై ఏళ్ళు ఆగానా అనిపించింది.

చెప్పేస్తే తేలికపడతానని ఎక్కడో అనుకున్నాను. మావయ్య ముఖం చూశాక ఆ ఆశ పోయింది. ఆయన చేతిలో సగం ఒలిచిన పండు అలాగే ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ నా సేత ఎక్కిరింపించినావా?" అన్నాడు. "మంచం మీద ఉన్నప్పుడు కూడా అన్నాన్రా. నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"మొన్న చర్చిలో నలుగురి ముందూ అన్నాను. అప్పుడూ ఉన్నావు."

"ఉన్నాను మావయ్యా."

"ఆడు పోయినాక ఇప్పుడు నాకెందుకు సెప్పినావు? నానెవర్తో సెప్పుకోవాల?"

అమ్మాయి నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆయన పండు కాగితంలో చుట్టి పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"లెగు," అన్నాడు నాతో. "గుంటని తీసుకుని ఎక్కు. మీ నాన్న మీద ఏసింది నువ్వే దింపు."

వెళ్ళాం. నేనూ అమ్మాయీ ముందు, ఆయన వెనక. క్యూ చిన్నదే. పాదాల గుర్తులు ఇప్పుడు పసుపు రంగులో ఉన్నాయి. మా వంతు వచ్చింది. అమ్మాయి తన గుర్తు మీద నిలబడింది. నేను నా గుర్తు మీద నిలబడ్డాను. వెనక నుంచి కుర్చీ వస్తున్న చప్పుడు వినబడింది. నా కాళ్ళు నన్ను పక్కకి తీసుకుపోయాయి. అమ్మాయిని కూడా చెయ్యి పట్టి లాగేశాను. ఖాళీ కుర్చీ మమ్మల్ని దాటుకుని నీళ్ళ మీదికి వెళ్ళిపోయింది.

కుర్చీలు ఎక్కించే అతను నా ముఖం చూసి, "శొరీర్ ఖారాప్, దాదా?" అని అడిగాడు. ఒంట్లో బాగోలేదా అని. చక్కని సాకు. అవునంటే సరిపోయేది. వెనక క్యూలో మావాళ్ళూ బయటివాళ్ళూ చూస్తున్నారు.

"కాదు. భొయ్ కొర్ఛే," అన్నాను, భయమేస్తోందని.

అతను ఆశ్చర్యపోలేదు. రోజూ చూస్తుంటాడు కాబోలు. పక్కనున్న చిన్న గేటు చూపించాడు. మావయ్య ముందుకొచ్చి నా గుర్తు మీద నిలబడ్డాడు. తలెత్తి తాడు కేసి ఒకసారి చూశాడు. డెబ్బై దాటినా ఆ చూపు మారలేదు.

"రెండు చేతులూ కడ్డీ మీదే ఉంచు," అన్నాను అమ్మాయితో. "ఏమైనా సరే, చెయ్యి తియ్యకు."

కుర్చీ వచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు. వెళ్ళిపోయారు.

నేను గేటు దాటి కంచె దగ్గరికి వచ్చాను. నాన్న నిలబడింది ఇక్కడేనా, ఇంకో పక్కనా, గుర్తు లేదు. చక్రం చుట్టూ తిరుగుతున్న తాడుని చూశాను. నల్లగానే ఉంది. ఎర్ర పొడి ఏమీ కనబడలేదు. అయినా చూస్తూనే ఉన్నాను.

నీళ్ళ మధ్యకి వెళ్ళాక అమ్మాయి తల తిప్పి నాకోసం వెతికింది. నేను చెయ్యి ఎత్తాను. అది ఎత్తలేదు. దాని రెండు చేతులూ కడ్డీ మీదే ఉన్నాయి.