చూడని వియ్యపురాలి అక్షరాలు

మొన్న ఆదివారం పొద్దున ఫోన్ తెరిస్తే ఒక అశ్రునివాళి ఫొటో వచ్చి ఉంది. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో, ఒకప్పుడు మా నెట్ సెంటరుకు నాలుగిళ్ళ అవతల ఉండిన పెద్దమ్మ కాలం చేసిందట. ఫొటో కింద కొడుకు రాయించిన తెలుగు, దాని కింద కోడలు రాసిన ఒకే ఒక్క వరుస. గుర్రపు నాడాలను కొన్ని నిలబెట్టి, కొన్ని బోర్లించి వరుసగా పేర్చినట్టుండే అక్షరాలు అవి, ఆర్మేనియా దేశపు లిపి. కళ్ళజోడు సర్దుకుని చూశాను. అద్దాలు నాకే కావాల్సి వచ్చాయి గానీ ఫోన్‌కు ఏ ఫాంటూ కావాల్సి రాలేదు, ఒక్క అక్షరం చెడకుండా అన్నీ వచ్చి బుద్ధిగా కూర్చున్నాయి. పెద్దమ్మ పోయినందుకు ఏడుస్తున్నానో, ఆ అక్షరాలను చూసి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మా ఆవిడ చూసి, ఎప్పుడూ పళ్ళికిలించే మొహం ఇవాళేమిటి ఇలా ఉందని టీ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మన ఈడు వాళ్ళకు నెట్ సెంటర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ప్లైవుడ్ అరలు, అరకొక కుర్చీ, ఫోన్ తీగ మీద కీచుమంటూ నడిచే ఇంటర్నెట్టు, మధ్యలో ఎవరైనా ఆ నంబరుకు ఫోన్ చేస్తే అందరికీ ఒకేసారి తెగిపోయే లోకం. నేను తొమ్మిదో తరగతిలో లెక్కల సారుతో గొడవపడి బడి మానేసినవాణ్ణి. పెళ్ళి శుభలేఖలు కంపోజ్ చేసే చోట డీటీపీ పని నేర్చుకుని, రెండువేల సంవత్సరం దాటాక ఒక గది కిరాయికి తీసుకుని, తొంభై ఎనిమిది నాటి విండోస్‌తో నడిచే పాత కంప్యూటర్లు పెట్టుకున్నాను. బోర్డు మీద నా పేరు పక్కన ప్రొప్రయిటర్ అని రాయించుకుంటే, ఆ మాటలో ఎన్ని వత్తులున్నాయో చెప్పు చూద్దామని మా బావమరిది వీధిలో అందరి ముందూ పరీక్ష పెట్టాడు. తప్పాననుకోండి, బోర్డు మాత్రం తీయలేదు.

పెద్దమ్మ వాళ్ళది ఎర్రుపాలెం దగ్గర వ్యవసాయపు కుటుంబం. కొడుకు ఆర్మేనియాలో డాక్టరీ చదివి, పట్టాతో పాటు అక్కడి అమ్మాయిని కూడా పెళ్ళాడి తెచ్చుకున్నాడు. అతనికి భద్రాచలం అడవి వైపు ఒక సర్కారు దవాఖానాలో ఉద్యోగం, వారానికోసారి వచ్చేవాడు. మిగిలిన రోజులు అత్తా కోడలే. నెట్ సెంటరు నిండా కోచింగ్ కాలేజీల పిల్లలుంటారని, కోడలు మెయిల్ చూసుకోవాలంటే అత్త కూడా వెంట వచ్చి, తలుపు పక్కన స్టూలేసుకుని కావలి కూర్చునేది. పెద్దమ్మకు చదువు రాదు. నాకూ పెద్దగా రాదు కాబట్టి మా ఇద్దరికీ త్వరగా జత కుదిరింది.

మొదటిసారి ఆ అమ్మాయి మెయిల్ తెరిచినప్పుడు తెర నిండా ఖాళీ డబ్బాలు వచ్చాయి. పైనుంచి కిందికి, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే రకం చిన్న చిన్న గళ్ళు. పెద్దమ్మ లేచి వచ్చి తొంగి చూసింది.

“ఏందయ్యా ఇవి? మా వియ్యపురాలు ఇటుకలు పంపిందా ఏంది?”

“ఇల్లు కట్టుకోమనేమో పెద్దమ్మా. అరణంగ వచ్చినయి, కాదనకు,” అన్నాను.

మేమిద్దరం నవ్వాం. ఆ అమ్మాయి నవ్వలేదు. వచ్చీరాని తెలుగులో చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మకు చెవులు బొత్తిగా వినపడవు, ఫోన్ చేసి లాభం లేదు. ఒంట్లో బాగాలేదు, మంచం పట్టింది. ఆమె చెప్పింది పక్కింటి వాళ్ళు టైపు చేసి పంపుతారు. ఆ తల్లి మాట ఈ బిడ్డకు చేరడానికి ఉన్న దారి ఆ అక్షరాలొక్కటే, అవి కాస్తా నా దుకాణంలో డబ్బాలైపోయాయి. నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

నాకు ఇంగ్లీషు రాకపోయినా ఫాంట్ల బాధ మాత్రం తెలుసు. ఒక కంప్యూటర్లో కొట్టిన తెలుగు శుభలేఖ, ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పెళ్ళికూతురి పేరు స్థానంలో కుక్కలూ నక్కలూ అరిచినట్టు ఏవేవో గుర్తులు వచ్చేవి. ఫైలు ఇస్తే ఫాంటు కూడా ఇవ్వాలి, అది మా పనిలో మొదటి పాఠం. మన తెలుగుకే ఈ గతి పట్టినప్పుడు పరాయి దేశపు అక్షరాలకు ఖమ్మంలో ఎవరు దిక్కు? వెతికి వెతికి ఒక ఫాంటు పట్టుకున్నాను. అది దిగుతుండగా మా ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి లైను తెంపాడు. మళ్ళీ మొదటినుంచి. చివరికి దిగింది, ఎక్కించాను, అయినా డబ్బాలే. అప్పుడు గుర్తొచ్చింది, ఏ భాషకు ఏ ఫాంటు వాడాలో విడిగా చెప్పే ఒక జాబితా ఉంటుందని. తెలుగు కోసం ఆ జాబితాలో కిందికి దిగుతూ ఎన్నిసార్లో దాటిపోయిన పేరు, అరబిక్ కిందనే ఉంది, ఆర్మేనియన్. దాని ఎదురుగా కొత్త ఫాంటు పెట్టి పేజీ మళ్ళీ తెరిస్తే డబ్బాలన్నీ ఒక్కసారిగా నాడాలయ్యాయి.

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తెర మీద వేలు పెట్టి, చిన్నపిల్ల వాచకం చదివినట్టు పైకి చదివింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ప్రతి రెండో మాటకూ ‘జాన్’ అని మాత్రం వినపడింది. పెద్దమ్మ మొహం అదోలా పెట్టింది.

“జాన్ అంటే మొగుడూ పెళ్ళాలనుకునే మాట గద బిడ్డా?”

“మా దగ్గర అందరికీ జాన్. అమ్మకు జాన్, మీకు కూడా జాన్,” అంది ఆ అమ్మాయి.

“నీ ఇల్లు బంగారంగానూ, నాకెందుకే ఈ వయసుల! సరే గానీ, మీయమ్మ ఏమడుగుతున్నది?”

“తిన్నావా, అడుగుతుంది.”

ఆ రోజు నుంచి నేను ఆవిణ్ణి పెద్దమ్మ జాన్ అనే పిలిచాను, చెప్పు చూపించేది గానీ పలికేది. వారం వారం వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు పెద్దమ్మ కూడా స్టూలు వదిలి కోడలి పక్కకు చేరి, కారం అలవాటైందని రాయి, నెల తప్పిందని రాయి, మందులు మానొద్దని రాయి అంటూ తను చెప్పింది కూడా రాయించేది. ఎన్నడూ మొహం చూసుకోని ఇద్దరు వియ్యపురాళ్ళు, ఒకావిడకు చెవులు లేవు, ఒకావిడకు చదువు లేదు, నా పాత కంప్యూటర్‌ను మధ్యన పెట్టుకుని పలకరించుకున్నారు.

ఒక రోజు మెయిల్ తెరిచి ఆ అమ్మాయి కదలకుండా కూర్చుంది. మళ్ళీ ఫాంటు చెడిందేమోనని వెళ్ళి చూశాను. ఈసారి డబ్బాలూ లేవు, నాడాలూ లేవు. డాక్టరు పేరున పక్కింటివాళ్ళు ఇంగ్లీషులో రాసిన రెండే రెండు వాక్యాలు, అతనే మెల్లగా భార్యకు చెప్పుకుంటాడని అలా రాశారు కాబోలు. తొమ్మిదో తరగతిలో మానేసిన నాకే ఎవరి సాయం లేకుండా అర్థమైపోయిన ఇంగ్లీషు. అప్పటికి ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, విమానం ఎక్కే వీల్లేదు. పెద్దమ్మ లేచి కోడలి తలను తన కడుపుకు అదుముకుని నిలబడింది, అంతే.

పెద్దకర్మ నాడు పెద్దమ్మ తన ఇంటి ముందే టెంటు వేయించి వియ్యపురాలి ఫొటోకు దండ వేయించింది. మతం కాని మనిషికి మనమెందుకు చేయాలని చుట్టాలు గొణిగితే, అన్నం పెట్టడానికి మతమేందిర అని నోళ్ళు మూయించింది. ఫ్లెక్సీ నేనే కంపోజ్ చేసి, ఫొటో కింద ఆ అమ్మాయి చెప్పిన రెండు మాటలు వాళ్ళ అక్షరాల్లోనే పెట్టి, ఫ్లెక్సీ కొట్టే ఆయనకు ఫాంటుతో సహా సీడీ ఇచ్చి వచ్చాను. ఫ్లెక్సీ కట్టాక వచ్చినవాళ్ళంతా, ఆ దేశపోళ్ళ అక్షరాలు ఎంత ముద్దుగున్నయో అని మెచ్చుకుంటుంటే పెద్దమ్మ నన్ను పక్కకు లాగింది.

“అయ్యా, ఇవి మళ్ళా ఇటుకలే గదా?”

అవును, డబ్బాలే. ఫ్లెక్సీ కొట్టే ఆయనకు ఫోన్ చేసి, ఫాంటు ఇచ్చిన కదనే అంటే, “గవ్వే వాళ్ళ అక్షరాలేమో అనుకున్ననన్నా, లైనుగ మంచిగున్నయి,” అన్నాడు. వంటలయ్యాయి, విస్తళ్ళు పరిచారు, మళ్ళీ కొట్టించే వేళ లేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయి మాత్రం కోపం చేసుకోలేదు. నా జేబులోని మార్కర్ అడిగి తీసుకుని, నిండు కడుపుతో కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కో డబ్బాలో ఒక్కో అక్షరం రాయడం మొదలుపెట్టింది. డబ్బాలు సరిగ్గా సరిపోయాయి, అక్షరానికొక గది చొప్పున. రాసి, చదివి వినిపించింది, మైరిక్ జాన్, అంటే అమ్మ జాన్ అని. పెద్దమ్మ ఫొటో దగ్గరికి వెళ్ళి, వినపడని వాళ్ళతో మాట్లాడినట్టే గొంతెత్తి చెప్పింది.

“వదినా, నీ బిడ్డ తిన్నది. నేనే తినిపిచ్చిన.”

ఆ తర్వాత డాక్టరుకు బదిలీ అయ్యింది, వాళ్ళు ఊరు మారారు. నా నెట్ సెంటరు కొన్నాళ్ళు జిరాక్స్ సెంటరై, ఆ తర్వాత మొబైల్ రీచార్జులై, ఇప్పుడు అదే గదిలో ఎవరో బిర్యానీ అమ్ముతున్నారు. లోకంలోని అక్షరాలన్నీ ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ పుట్టుకతోనే ఉంటున్నాయి, మంచిదే, ఎవరికీ నాలాంటి వాడితో పనిలేదు. కానీ ఆ రోజుల్లో మెయిల్ చదువుకునేవాళ్ళ మొహాలు నాకు కనపడేవి. ఏ అరలో ఎవరికి ఉద్యోగం వచ్చిందో, ఎవరికి సంబంధం తప్పిందో, ఎవరి తల్లి పోయిందో కుర్చీ కదిలిన తీరుతోనే తెలిసేది, లేచి వెళ్ళి పక్కన నిలబడేవాణ్ణి. ఇప్పుడు మా వీధిలో అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటూ పోతుంటారు, ఏడిపించే కబురు ఎవరికి అందిందో తెలియదు. అరుగు మీద కూర్చుని అందరి మీదా జోకులేస్తూనే ఉంటాను, నవ్వనివాడు ఎవడో కనిపెట్టి, వాడి పక్కకు వెళ్ళి కూర్చుందామని.