చక్రాల ఇల్లు, గంగమ్మ చీర

అగళిలో 'చక్రాల ఇల్లు గంగాధరప్ప' అంటే మా పెదనాయనే. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ పేరెట్ల వచ్చిందో నన్నడగండి, నేను ఆ ఇంట్లో కూర్చొని పయనం పోయినదాన్ని.

రెండువేల ఐదు నాటికి మా పెద్దమ్మ నాగరత్నమ్మకు తుంటి విరిగి నాలుగేండ్లయింది. బస్సు మెట్టెక్కలేదు, జీపులో కూర్చోలేదు. ఆమె పుట్టినూరు బుక్కపట్నం. చెరువు నిండి మరువ పారితే, అంటే అలుగు మీద నీళ్లు పొర్లితే, ఆ ఊరి ఆడబిడ్డలు గంగమ్మకు చీర పెట్టి ఆ నీళ్లల్లో వదలాల. "ఈసారి నా చేత్తోనే పెడ్తా తల్లీ" అని మంచంలోనే మొక్కుకునింది. నిండితే గదా! కరువు మీద కరువాయ.

ఆ ఏడు ఒకదినం అంగడి ఫోనుకు ఆమె తమ్ముడు చేసినాడు. "మరువ పారుతాండాదక్కా!" పెద్దమ్మ ఒకటే ఏడుపు, నేనెట్ల పోయేదని.

పెదనాయన లేసి వెదుర్లు కొట్టుకొచ్చినాడు. రెండు దినాల్లో ట్రాక్టర్ ట్రాలీని ఇల్లు చేసేసినాడు. వెదురు బద్దలు వంచి, పైన టార్పాలిన్ కప్పి, లోపల గడ్డి మీద పరుపేసి, స్టవ్వు పెట్టి, ఆఖరికి అద్దం గూడ తగిలించినాడు. "ముప్పై ఏండ్లకు కొత్త కాపురమా పెద్దమ్మా?" అంటే, "పోవే!" అని సిగ్గుపడింది.

పెదనాయన ముందర ట్రాక్టర్ తోలుతాంటే మేమిద్దరం వెనక ట్రాలీలో. పెద్దమ్మ ఒళ్లో పసుప్పచ్చ ధర్మవరం పట్టుచీర. గంగమ్మకు పెట్టే చీర ఎవురూ కట్టకూడదు, మడత గూడ విప్పకూడదు.

పెనుకొండ దాటినాక మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది. అబ్బా, ఏం గాలి! ఏం వడగండ్లు! తాడు పుటుక్కున తెగి టార్పాలిన్ పైకి లేసిపోయ. ట్రాలీయే ఎగిరిపోతాదని నేను కేకలు. పెదనాయన బండి ఆపి ఉరికొచ్చి, "తాడు! తాడు!" అని అరుస్తా, చేతికందింది లాక్కొని, టార్పాలిన్‌ను బద్దకు బిగించి మూడు ముడులేసినాడు. నిలిచింది. అప్పుడు చూసినాం, ఆ తాడు పసుప్పచ్చగా ఉండాది.

"నీ చేతులు ఇరిగిపోనూ! తల్లి చీరయ్యా అది!"

"చూసుకోలేదే..." అన్నాడు, మొగం చిన్నది చేసుకొని. ఇంకో చీర కొంటానంటే పెద్దమ్మ ఒప్పుకోలా. మొక్కింది ఆ చీరే. "నా మొక్కు మన్నయిపాయ, బండి తిప్పు" అని ఏడ్చింది. ఆయన తిప్పితే గదా!

బుక్కపట్నంలో మరువ హోరుమంటాంది. పెదనాయన ఆమెను రెండు చేతుల్తో ఎత్తుకొని నీళ్ల దాకా నడిచినాడు. "దించయ్యా, జనం చూస్తాండారు!" అని ఆమె గింజుకునింది. బద్ద నుంచి ముడులతోనే జార్చిన చీర పట్టుకొని నేను వెనకాలే ఉరికినా.

ఆమెను ఒడ్డున కూర్చోబెట్టి, తడిసిన చీర ఆమె చేతిలో పెట్టి పెదనాయన అన్నాడు. "వానంటే ఎవురే? గంగమ్మే గదా. నీకోసం దోవలోకే ఎదురొచ్చి కట్టుకునింది. ఇంగ ఇచ్చేయి."

పెద్దమ్మ ఆయన్ని అట్లే చూసి, పక్కున నవ్వింది. ముడులు విప్పబోయింది. రెండు ఊడినాయి. మూడోది నేను పంటితో లాగినా రాలా.

"ఇడ్సిపెట్టుమే" అనింది నాతో, చీర నీళ్లల్లోకి వదులుతా. "మీ పెదనాయన ఏసిన ముడి ఊడేదిగాదు. ముప్పై ఏండ్లుగా చూస్తాండా."