సౌండు తీసేసి చూసిన సినిమాకు నేను రాసిన సమీక్ష

ఇది రాయాలన్న ఉబలాటం నాకేమీ లేదు. రాయకపోతే మా ఇంట్లో గొడవ తేలేలా లేదు కాబట్టి రాస్తున్నాను. పోయిన వారం కొత్తగూడెం నుంచి మా అన్న కూతురు ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా, "కాకా, గీళ్లు సినిమాను కోసేసిండ్రు!" అని మొదలుపెట్టింది. ఎవరు, ఏ సినిమా అని నేను అడిగేలోపే సగం కథ అయిపోయింది. చిన్నప్పుడు మా ఇంట్లో వీడియో క్యాసెట్ మీద చూసిన ఒక బొమ్మల సినిమా ఇప్పుడు మెరుగులు దిద్దుకుని డిస్కుగా వచ్చిందట. మురిపెంగా తెప్పించుకుని తన పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకుంటే, సినిమా సగంలో తండ్రి జంతువు చచ్చిపోయిందట. ఆఖరిదాకా తిరిగి రాలేదట. పిల్లలు ఏడ్చి అన్నం మానేశారట. "మేం సూసినప్పుడు బాపు సచ్చిపోలే కాకా. ట్రాన్స్‌ఫర్ మీద పోయి మళ్ల ఇంటికొచ్చిండు. గా సీన్లన్ని తీసేసిండ్రు దొంగలు." దీనికి మా అన్న కొడుకు కూడా వంత పాడాడు. ఇద్దరూ కలిసి డిస్కు అమ్మినవాళ్లకు ఫిర్యాదు పంపారు. సాక్ష్యంగా ఏం జతచేశారయ్యా అంటే, నా చేతిరాతతో ఉన్న ఒక పాత నోట్‌బుక్ పేజీ ఫొటో. తండ్రి క్షేమంగా ఇల్లు చేరును అని ఆ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. నా సంతకం కూడా ఉంది. "నువ్వే సాక్షివి కాకా, జెర గట్టిగ రాసియ్యి" అంటుంది అమ్మాయి. ఆ డిస్కు వాళ్లు ఒక్క సీను కూడా కోయలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం నలుగురమో ఐదుగురమో మిగిలాం. అందుకని రాసి పెట్టడం నా బాధ్యత అయింది.

అప్పట్లో నేను గోదావరిఖనిలో ఒక బాయి మీద, అంటే బొగ్గు గని మీద, ల్యాంప్ రూమ్‌లో పనిచేసేవాణ్ణి. భూమి లోపలికి దిగేవాళ్లకు తలకు పెట్టుకునే లైటు చేతికివ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగులో పెట్టడం, అదీ పని. నేను చదివింది పదో తరగతే. అయితే క్లబ్బు పక్కనున్న గ్రంథాలయంలో ఐదు బీరువాలుండేవి. నాలుగింటిని పూర్తిగా చదివాను. ఐదోది తాళం పోయి తెరుచుకోలేదు గానీ, లేకపోతే దాన్నీ వదిలేవాణ్ణి కాదు. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సన్నివేశ కల్పన, సందేశం అనే నాలుగు మాటలు అక్కడే పట్టుకున్నాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు ముందేసుకుని ఒంటరిగానే నేర్చుకున్నాను. అందువల్ల కాగితం మీద ఉంటే ఏ వాక్యమైనా అర్థమయ్యేది. మనిషి నోటి నుంచి వస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఈ రెండో విషయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, బస్టాండు రోడ్డులో వీడియో షాపు నడిపేవాడు. బదిలీ అయి వెళ్లిపోతూ ఒక ఆంధ్రా ఇంజనీరు గారు తమ పిల్లల ఇంగ్లీషు బొమ్మల సినిమాల క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా షాపులో వదిలేసి పోయారు. వాటిని అద్దెకు తీసుకెళ్లేవాళ్లు లేరు. ఒక్కో క్యాసెట్ పెట్టె మీద ఒక కుందేలో, ఒక కోటో, అర్థంకాని పేరు. లోపల ఏముందో తెలియకుండా ఎవరు తీసుకుంటారు? బావ నన్ను పిలిచి, "బామ్మర్దీ, లైబ్రరీ అంత మింగినవు గదా, గివి సూసి ఒక్కొక్కదానికి ఒక్క కాయితం రాయి. పిల్లలు సూడొచ్చునా, సూడొద్దా, ఏమున్నది అని. పెట్టెల పెడ్త" అన్నాడు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో చెబితే నవ్వుతారు. కొత్త నోట్‌బుక్ కొన్నాను. ఉత్తమం, మధ్యమం, అధమం అని మూడు శ్రేణులు పెట్టుకున్నాను. బావ క్యాసెట్లు ఆడించే డెక్కు కూడా ఇచ్చాడు. నేను మా అన్న క్వార్టరులోనే ఉండేవాణ్ణి కనుక సినిమాలు చూడటం అక్కడే.

ఇక్కడ వచ్చింది తిరకాసు. క్వార్టరంటే రెండు గదులు, మధ్యలో తలుపు లేని గుమ్మం, దానికొక చీర పరదా. మా అన్న లోపల బొగ్గు పని చేసేవాడు, ఆ రోజుల్లో ఎక్కువగా నైట్ షిఫ్టు. పొద్దున వచ్చి స్నానం చేసి, తిని, పరదా వెనక పడుకునేవాడు. అన్న పడుకున్నాడంటే ఇంట్లో చెంచా కిందపడకూడదు. కుక్కర్ విజిల్ ఊదకూడదు, వదినె దాన్ని చేత్తో ఎత్తి పట్టుకునేది. మా వరుసలో ప్రతి ఇంటిదీ ఇదే ధర్మం. పిల్లలు గుసగుసగా కొట్టుకునేవారు, గుసగుసగా ఏడ్చేవారు. కాబట్టి టీవీ పెట్టినా సౌండు పూర్తిగా తీసేసి పెట్టాలి. ఆ క్యాసెట్లన్నీ మేం అలాగే చూశాం. ఒక్కదాని పాట కూడా నేను వినలేదు. అయినా ఒకదానికి "సంగీతము శ్రావ్యముగా నున్నది" అని రాసిన పేజీ ఉంది, ఒప్పుకుంటున్నాను.

సౌండు లేని ఇంగ్లీషు సినిమాకు కథ ఎవరు చెప్పాలి? మా వదినె చెప్పేది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, గుసగుసగా చెప్పేది. ఆకు కత్తిరించేటప్పుడు, తంబాకు పోసేటప్పుడు, దారం చుట్టేటప్పుడు తల కిందికే ఉండేది. మధ్యలో ఎప్పుడో తలెత్తి టీవీ చూసేది. ఆ చూసినదానికీ మళ్లీ చూసేదానికీ మధ్య ఏం జరిగిందో ఆమే కల్పించేది. రాజు మేనేజరు అయ్యేవాడు. మంత్రగత్తె మా వరుస చివరింటి మేస్త్రీ భార్య అయ్యేది. పెళ్లిలో ఆలుగడ్డ కూర వండేవారు. "అమ్మా, గా గుర్రం ఎందుకు ఉరుకుతాంది?" అని పిల్లవాడు అడిగితే, "ఫస్ట్ షిఫ్టుకు లేటయింది బిడ్డా" అనేది, తల ఎత్తకుండానే. నేను పక్కన కుర్చీలో కూర్చుని గంభీరంగా రాసుకునేవాణ్ణి. బొమ్మ చూడాల్సింది నేను. కానీ తల నోట్‌బుక్ మీదే ఉండేది, చెవి వదినె వైపు ఉండేది. ఏ సమీక్షకుడూ ఇంతకన్నా సిగ్గుమాలిన పని చేసి ఉండడు.

ఆ గొడవ సినిమా వంతు వచ్చింది. భూమిలో బొరియలు తవ్వుకుని బతికే ఒక జంతువు కుటుంబం కథ. నుదుటి మీద తెల్లచార ఉంటుంది. అదేం జంతువో నిఘంటువులో కూడా దొరకలేదు. వదినె పందికొక్కులని తేల్చేసింది. తండ్రి ఒకరోజు కొత్త బొరియ తవ్వడానికి వెళ్తాడు. తెరంతా మట్టి రంగు అయింది. తల్లి బొరియ నోటి దగ్గర నిలబడి ఉంది. పిల్లలు వదినె ముఖంలోకి చూశారు. బీడీ చుట్టే చేయి ఒక్క క్షణం ఆగింది. "బాపుకు కొత్తగూడెం ట్రాన్స్‌ఫర్ అయింది" అంది వదినె. "కార్డు రాస్తడు. ఫికర్ చెయ్యకుండ్రి." ఆఖర్లో తెల్లచారతో పెద్ద జంతువొకటి గుట్ట దిగి వచ్చింది. "అగో, వచ్చిండు" అంది. పిల్లలు గుసగుసగా చప్పట్లు కొట్టారు. నేను ఇలా రాశాను: "ఇందు హింస లేదు, మరణము లేదు. తండ్రి వృత్తిరీత్యా దూరప్రాంతమునకు బదిలీ అయి, చివరకు క్షేమముగా ఇల్లు చేరును. బాలబాలికలు నిర్భయముగా చూడవచ్చును. ఉత్తమం." కింద సంతకం. ఇంటి ప్రతిగా నోట్‌బుక్‌లో ఒకటి, పెట్టెలో ఒకటి.

పక్క వరుసలో ఒక అక్క ఉండేది. చుట్టం కాదు, వరుస కలుపుకున్నాం. అంతకు ముందు సంవత్సరం ఆమె భర్త గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన స్థానంలో ఆమెకు దవాఖానలో ఆయా ఉద్యోగం వచ్చింది. ఏడెనిమిదేళ్ల కూతురొకతి. ఆ పిల్ల తండ్రి పోయినప్పటి నుంచి మాట తగ్గించింది, నిద్రలో ఉలిక్కిపడేది. ఒక ఆదివారం ఆ అక్క షాపుకు వచ్చి, బావ దగ్గరికి కాదు, నేరుగా నా దగ్గరికి వచ్చింది. "తమ్మీ, పోరి నవ్వక ఏడాదైంది. పిల్లల సినిమా ఒకటియ్యి. ఒక్కటే మాట, అండ్ల ఎవ్వలు సావద్దు" అంది. నేను పెట్టెల్లో వెతికే శ్రమ కూడా పడలేదు. ఆ తెల్లచార సినిమానే తీసి, నా సమీక్షను పైకి చదివి వినిపించి, "నాది పూచీ అక్కా" అన్నాను. డెక్కు కూడా బావతో చెప్పి ఇప్పించాను.

వాళ్లింట్లో పగలు పడుకునేవాళ్లెవరూ లేరు. వాళ్లు సౌండు పెట్టుకునే చూశారు.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఆ అక్క క్యాసెట్‌ను షాపు బల్ల మీద కొట్టింది. షాపులో అరడజను మంది ఉన్నారు. "సదువుకున్నోనివి గదా తమ్మీ! నీ కాయితం నమ్మితి గదా! గుట్ట కూలిన సప్పుడు ఇని, గిట్లనే పడ్డదా అమ్మా బాపు మీద అని అడిగింది పోరి. ఏం చెప్పాలె నేను? నువ్వు చెప్పు!" అంది. బావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె వెళ్లాక తలుపు వేసి, ఆ సినిమాను షాపులోనే సౌండుతో చూశాను. మాటలు అర్థం కాకపోయినా అన్నీ అర్థమయ్యాయి. గుట్ట కూలింది. తండ్రి చనిపోయాడు. ఆఖర్లో గుట్ట దిగి వచ్చింది పెరిగి పెద్దయిన కొడుకు. అదే తెల్లచార.

ఇంటికి పోయి వదినె మీద విరుచుకుపడ్డాను, గుసగుసగానే. అన్న పడుకుని ఉన్నాడు. "ఎందుకు అబద్ధం చెప్పినవు? సూడకుండనే చెప్తవా?" అన్నాను. వదినె దారం కొరికి, "సూసిన. మంచిగనే సూసిన. నేను నా పిల్లలకు చెప్పిన. కాయితం మీద రాసి దస్కత్ పెట్టుమన్ననా నిన్ను?" అంది. తర్వాత పరదా వైపు గడ్డం ఎత్తి చూపించింది. "మల్ల రాత్రికి దిగుతడు. బాయిల దిగినోడు రాలేదని పోరగాండ్లకు చెప్పుమంటవా?" అంది. నాకు కోపం మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

సాయంత్రం ఇద్దరం కలిసి ఆ అక్క ఇంటికి వెళ్లాం. ఆమె కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. పిల్ల మూల నుంచి వచ్చి నా కాగితం చేతికిచ్చింది. "కాకా, గిండ్ల వాళ్ల బాపు వచ్చిండని రాసినవు. మూడుసార్లు ఎనుకకు తిప్పి సూసిన. యాడొచ్చిండు?" అంది. నా పూచీ ఎంత పని చేసిందో అప్పుడు తెలిసింది. పొద్దున తల్లి డ్యూటీకి పోయాక, నేను వస్తాడన్న మనిషి కోసం ఈ పిల్ల ఒంటరిగా క్యాసెట్ తిప్పి తిప్పి వెతికింది. "తప్పు రాసిన బిడ్డా. రాలేదు. వచ్చింది కొడుకు. బాపు వచ్చింది పెద్దమ్మ చెప్పిన కథల" అన్నాను. పిల్ల తల ఊపింది. అంత మాత్రం ఆమెకు అప్పటికే తెలుసు. నా నోటితో వినాలనుకుంది, అంతే.

తర్వాత వదినె వైపు తిరిగింది. "పెద్దమ్మా, నీ కథల వచ్చిండట గదా. వచ్చి ఏమన్నడు?" అని అడిగింది. వదినె చేతిలో చాట లేదు, తల దించుకోవడానికి పనేమీ లేదు. "ఏమంటడు బిడ్డా, మొకం నిండ బొగ్గే. నీళ్లు కాగినయా అని అడిగిండు" అంది. పిల్ల ఒక్కసారిగా, "మా బాపు గూడ గట్లనే అడిగేటోడు! సబ్బు యాడ పెట్టిండ్రే అని లొల్లి గూడ చేసేటోడు!" అంది. ఆ తర్వాత తండ్రి గురించి ఆపకుండా చెప్పింది. సబ్బు గురించి, లుంగీ గురించి, ఆదివారం చేపల గురించి. వాళ్లమ్మ ముందు గుమ్మంలో నిలబడి వింది, ఆనక వచ్చి కూర్చుంది, చివరికి "అరే, ఆ చెరువు సంగతి చెప్పవేందే" అని తానే అందించింది. నాకు మాత్రం ఆ రోజు టీ ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఆ వారం రోజుల్లో పెట్టెలోని క్యాసెట్లన్నీ షాపులో సౌండుతో మళ్లీ చూసి, సమీక్షలన్నీ తిరగరాశాను. ఎవరు చనిపోతారో, ఎన్నో నిమిషంలో చనిపోతారో మొదటి వాక్యంలోనే రాశాను. పిల్లల పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలని రాశాను. "గిది సమీక్షనా, సావు కబురా?" అని బావ నెత్తి కొట్టుకున్నాడు. ఇంట్లోని నోట్‌బుక్ దిద్దడం మాత్రం మరిచిపోయాను. ఆ మరుపే ఇన్నాళ్లకు ఫొటో అయి నా మీదికి వచ్చింది.

కాబట్టి అన్న పిల్లలకు తెలియజేయునది: సినిమా కోయలేదు. మీరు చూసిన ఆ సీన్లు మీ అమ్మవి. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

సాయం చేసినవాళ్లకు ఆఖర్న కృతజ్ఞతలు చెప్పాలని నేను చదివిన ప్రతి పుస్తకమూ నేర్పింది. పేర్లు రాద్దామంటే అందరూ వద్దన్నారు. నోట్‌బుక్ దాచి నా కొంప ముంచిన అన్న కూతురికీ, ఆమెకు వంత పాడిన కొడుక్కీ, ఆ పెట్టెలోని క్యాసెట్ల లెక్క ఇప్పటికీ నోటికి చెప్పగల బావకూ కృతజ్ఞతలు. చదివి వినిపిస్తే "సగం అబద్ధం" అని తీర్పిచ్చి, ఏ సగమో చెప్పని వదినెకూ. ఇంత జరిగినా ఏమీ తెలియకుండా నిద్రపోయిన అన్నకూ. అన్నీ రాయడానికి ఒప్పుకున్న ఆ అక్కకు ప్రత్యేకంగా. ఆమె కూతురు ఇప్పుడు రామగుండంలో టీచరు. దీన్ని ముందే చదివి, నన్ను నేను పొగుడుకున్న మూడు వాక్యాలు కొట్టేసింది. నిన్న ఫోన్లో, "కాకా, ఈ ఏడాదితోటి నేను మా బాపు వయసు దాటిన. ఇగ ఆయన నాకన్న చిన్నోడు, నేనే గదమాయించాలె" అని నవ్వింది. ఆ పిల్లను నవ్వించే పని కాలమే ఇంత నిదానంగా చేసి పెడుతుందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆనాడు ఎవరికీ ఏ పూచీ ఇచ్చి ఉండేవాణ్ణి కాదు.