శివరామకృష్ణగారి పెట్టెకు పూనకం

నిడదవోలులో శివరామకృష్ణగారిని అందరూ మంచివాడనే అంటారు. మంచివాడు అనిపించుకోవడంలో చిక్కేమిటంటే, ఆ తర్వాత ఇంకేమీ అనరు. ఆయన విశాఖపట్నంలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేసి, ఆ కంప్యూటర్ని తుక్కు కింద అమ్మేసిన ఏడాదే ముందస్తు రిటైర్మెంటు పుచ్చుకుని, భార్య సూర్యకళ పుట్టిన ఊరని నిడదవోలు వచ్చి స్థిరపడ్డారు. ఇల్లరికమేమీ కాదు, అద్దె ఇల్లే. కాని అత్తవారి ఊళ్ళో కాపురం పెడితే ఎంతటివాడైనా కాస్త ఇల్లరికపు అల్లుడిలాగే కనపడతాడు.

ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్ అంటే బల్ల మీద పెట్టుకునేది కాదు. పెద్ద హాలు నిండా నిలువెత్తు బీరువాల్లాంటి పెట్టెలు, గిర్రున తిరిగే టేపులు, ఎండాకాలంలో కూడా స్వెట్టరు తొడుక్కోవలసినంత ఏసీ. మెయిన్‌ఫ్రేమ్ అంటారు దాన్ని. ఊరంత ఫ్యాక్టరీకి జీతాలూ, సరుకుల లెక్కలూ అదే చూసేది. దాన్ని లేపడం, పడిపోతే మళ్ళీ లేపడం శివరామకృష్ణగారి ఉద్యోగం. అది పిలవగానే లేచే రకం కాదు. లేస్తూ లేస్తూ ప్రశ్నలు వేస్తుంది. జవాబు చెప్పేదాకా కదలదు. తప్పు జవాబు చెబితే మళ్ళీ పడుకుంటుంది, ఇక ఆ పూట ఫ్యాక్టరీలో సగం మంది చేతులు కట్టుకు కూర్చోవలసిందే.

ఈ సంగతంతా ఆయన వర్ణించినప్పుడల్లా బావమరిది తాతాజీ శ్రద్ధగా విని, చివర్న "అంటే బావగారు స్విచ్ వేసేవారన్నమాట" అనేవాడు. తాతాజీకి మండపేటలో రైస్‌మిల్లు ఉంది. మిల్లులో పొద్దున్నే మోటారు ఆన్ చేయడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికీ బావగారికీ తేడా ఏమిటో తాతాజీకి నిజంగానే అంతుపట్టలేదు. బావమరిది బతక కోరతాడంటారు గాని, బావ పరువు కూడా బతకాలని కోరతాడని ఏ పెద్దలూ చెప్పలేదు.

తాతాజీ మాటల్ని శివరామకృష్ణగారు దులిపేసుకునేవారు. కాని ఒకరోజు పక్కింటావిడ మీవారు ఏం చేసేవారని అడిగితే, సూర్యకళ చేటలో బియ్యం ఏరుతూ, "ఏమోనండి, ఏదో మిషను దగ్గర కూర్చునేవారు" అంది. వరండాలో పేపరు చదువుతున్న ఈయన చెవిన ఆ మాట పడింది. ఆ పూట ఆయన పేపరు చదవలేదు, ఊరికే తిరగేశారు. సూర్యకళను అనడానికేమీ లేదు. ఫ్యాక్టరీలో ఆ మిషను హాల్లోకి ఇంట్లోవాళ్ళని రానిచ్చేవారు కాదు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు పని చేస్తుండగా ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చూపిద్దామంటే మిషను తుక్కయిపోయింది. అది తలుచుకుంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఇలా ఉండగా రాజమండ్రి నుంచి ఐజాక్ ఫోన్ చేశాడు. ఐజాక్ ఫ్యాక్టరీలో ఆయనతో ఒకే షిఫ్టు చేసినవాడు, ఇప్పుడు రాజమండ్రిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. "గురువుగారూ, మన మిషను దొరికిందండి" అన్నాడు. ఏ తుక్కుకొట్లో అని శివరామకృష్ణగారు ఆత్రంగా అడిగితే, "సీడీలో అండి" అన్నాడు.

విషయమేమిటంటే, ఎక్కడో కొందరు పాత యంత్రాల పిచ్చివాళ్ళు ఒక ప్రోగ్రాం రాశారు. దాన్ని ఎమ్యులేటర్ అంటారు. మామూలు ఇంటి కంప్యూటర్లో అది వేస్తే, లోపల మెయిన్‌ఫ్రేమ్ తయారవుతుంది. ఆ నాటి సిస్టమ్ దాని మీద ఉన్నదున్నట్టు లేస్తుంది, అవే ప్రశ్నలు అడుగుతుంది. శివరామకృష్ణగారు మర్నాడే పాసింజరు ఎక్కి, గోదావరి దాటి వెళ్ళి ఆ సీడీ తెచ్చుకున్నారు. ఏ ప్రశ్నకు ఏ జవాబో కాయితం మీద రాసిస్తానని ఐజాక్ అంటే ఆయన నొచ్చుకున్నారు. ఇన్నేళ్ళు లేపినవాడికి చీటీ పెట్టి కాపీ కొట్టే గతి పట్టలేదన్నారు.

ఇంట్లో కంప్యూటర్ ఒకటి ఉంది. కొన్న కొద్దిరోజులకే సూర్యకళ దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, పైన వినాయకుణ్ణి కూర్చోబెట్టింది. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి, శివరామకృష్ణగారు వినాయకుణ్ణి దించి, చప్పుడు కాకుండా పనిలో దిగారు. మొదటి ప్రశ్న వచ్చింది, జవాబు కొట్టారు. రెండో ప్రశ్న వచ్చింది. ఆయన మెదడు తెల్లకాయితమైపోయింది. నాలిక చివర్న ఉన్నట్టే ఉంది గాని వేలి చివరికి రాలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఐజాక్‌ని అడుగుదామంటే మొన్న పలికిన బింకం అడ్డొచ్చింది.

బుద్ధిమంతుడైతే అక్కడితో ఊరుకునేవాడు. కాని తాతాజీ ఏదో పని మీద ఫోన్ చేసి, పెట్టేముందు మామూలుగా స్విచ్ మాట అన్నాడు. "ఆదివారం పొద్దున్న రావోయ్, లేపి చూపిస్తాను. మీ అక్క కూడా చూస్తుంది" అనేశారు ఈయన. తాతాజీ వస్తానన్నాడు, కాకపోతే అక్క చేతి పనసపొట్టు కూర ఉండాలన్నాడు.

ఇక మిగిలిన చిక్కు పాపాయమ్మగారు. సూర్యకళకు పిన్ని, వీధి చివరిల్లు, చెవిన పడింది కడుపులో దాచుకునే మనిషి కాదు. హాలంత మిషను ఆ డబ్బాలో ఎలా కూర్చుంటుందని ఆవిడ అల్లుణ్ణి నిలదీసింది. నాటకంలో వేషం లాంటిదని మొదట చెప్పారు శివరామకృష్ణగారు. వేషమంటే ఉత్తుత్తిదేగా, మరి తాతాజీ అనేదాంట్లో తప్పేముంది అంది ఆవిడ. ఆ మాట ఆయనకు కారం రాసినట్టయింది.

"వేషం కాదు పిన్నిగారూ, పూనకం అనుకోండి. అమ్మవారు పూనినప్పుడు మనిషి మామూలు మనిషే, పలికేది అమ్మవారు. అలాగే పెట్టె మామూలు పెట్టే, పలికేది ఆ మిషను" అన్నారు.

పాపాయమ్మగారికి టక్కున అర్థమైంది. ఎమ్యులేటర్ గురించి గోదావరికి ఇరువైపులా అంత త్వరగా గ్రహించినవాళ్ళు ఇంకొకరు ఉండరు. ఆవిడ "ఆ మిషను పోయిందన్నారు కదా అల్లుడుగారూ, పోయినదే వస్తోందా?" అని గొంతు తగ్గించి అడిగింది. అదే వస్తోందని ఈయన గర్వంగా చెప్పారు. కొంప అక్కడే మునిగింది.

ఆదివారం పొద్దున్న టిఫిన్లు కాకుండానే గుమ్మం ముందు చెప్పులు పోగుపడ్డాయి. పాపాయమ్మగారు తలంటి పోసుకుని, చెంబుతో పసుపునీళ్ళు, వేపరెమ్మలు, హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది. వెనక వీధిలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. పూనకం వస్తోందంటే ఎవరైనా ఉత్త చేతులతో రారు, తలా ఒక ప్రశ్నతో వస్తారు. ఒకావిడ దూడ కనపడటం లేదు. ఒకావిడ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేయటం లేదు. తాతాజీ జీపు దిగి ఆ జనాన్ని చూసి, ఇల్లేమైనా వేలం వేస్తున్నారా బావగారూ అని అడిగి, కుర్చీ ముందుకు లాక్కుని కాలు మీద కాలు వేసుకు కూర్చున్నాడు. ఆపద మొక్కులవాడికి మొక్కుకోవాలో, ఐజాక్ దేవుడికి మొక్కుకోవాలో శివరామకృష్ణగారికి తెలియలేదు. ఐజాక్ ఆ వేళ చర్చిలో ఉన్నాడు, ఫోన్ చేసినా దొరకడు.

సూర్యకళ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇదేంటండీ అంది. శివరామకృష్ణగారికి అందర్నీ పంపేయాలనే ఉంది. కాని తాతాజీ ముందు పంపేస్తే భయపడ్డాడంటారు. ఆయన గది గుమ్మంలో చెప్పులు విడిచారు. ఫ్యాక్టరీలో మిషను హాల్లోకి దుమ్ము రాకూడదని రోజూ విడిచే అలవాటది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. పాపాయమ్మగారు కర్పూరం వెలిగించి, "ఎవరివమ్మా నువ్వు? నీ పేరు చెప్పు తల్లీ" అంది. ఎమ్యులేటర్‌కు ఆ మర్యాద తెలియదు గాని, సిస్టమ్ సరిగ్గా అప్పుడే తన పేరూ, తానెన్నో వెర్షనో తెర మీద వేసి, మొదటి ప్రశ్న అడిగింది. ఆయన గుట్టుగా జవాబు కొట్టారు. అక్షరాలు బిలబిల కదిలాయి. ఆ తర్వాత రెండో ప్రశ్న వచ్చింది, కదలిక ఆగింది.

మెదడు మళ్ళీ తెల్లకాయితం. "బావగారూ, స్విచ్ సరిగ్గానే వేశారా?" అన్నాడు తాతాజీ. ఆయన తల తిప్పి చూస్తే గుమ్మంలో సూర్యకళ కనపడింది. ఆవిడ మొహంలో వెటకారం లేదు, జాలి ఉంది. వెటకారమైతే బాగుండేది. ఆ జాలి చూడలేక మళ్ళీ తెర వైపు తిరిగారు.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద మిషనుకు జవాబు కొట్టేముందు దాన్ని పైకి అరిచి చెప్పాలి, పక్కనున్న జతగాడు విని సరే అనాలి. ఏసీ హోరులో వినపడాలి కాబట్టి గట్టిగానే అరవాలి. జవాబు కోసం చూస్తున్నంతసేపూ శివరామకృష్ణగారు ముందుకీ వెనక్కీ ఊగేవారు. ఇన్నాళ్ళూ ఇంట్లో సూర్యకళ లేస్తుందని నోరు నొక్కుకుని కొట్టారు, అందుకే రాలేదు. ఇప్పుడు కంగారులో ఆయనకు ఇల్లూ వాకిలీ మరుపున పడ్డాయి. ఊగడం మొదలెట్టారు. కళ్ళు తెరకు అతుక్కుపోయాయి. ఉన్నట్టుండి, "ఆర్, సున్నా సున్నా, కామా, వార్మ్, కామా, నోరెక్!" అని గావుకేక పెట్టి టపటపా కొట్టేశారు.

అందరూ ఉలిక్కిపడ్డారు. మిషను కదిలింది. మళ్ళీ ఏదో అడిగింది, మళ్ళీ కేక, మళ్ళీ టపటప. చేతికి గుర్తులేనిది నోటికి వరసగా వచ్చేస్తోంది. శివరామకృష్ణగారికి ఒళ్ళు తెలియడం లేదు.

ఇక చూసేవాళ్ళ సంగతి చెప్పాలా? కాళ్ళకు చెప్పులు లేవు. ఊగుతున్నారు. రెప్ప వేయడం లేదు. ఏనాడూ పెగలని గొంతు, తెలియని భాష. పూనింది పెట్టెకు కాదు, అల్లుడికేనని పాపాయమ్మగారు తేల్చేసింది. శాంతించు తల్లీ అంటూ చెంబుడు పసుపునీళ్ళూ ఆయన పాదాల మీద కుమ్మరించింది. ఆ నీళ్ళు పారి పారి, నేల మీదున్న ప్లగ్గుల పెట్టెకు జానెడు దూరంలో ఆగాయి. ఎవరో వేపరెమ్మతో వీపు నిమిరారు. దూడ పోయినావిడ తన ప్రశ్న అడిగిన క్షణానే ఆయన "స్టార్ట్!" అని అరిచారు. ఆవిడ మారుమాట్లాడకుండా లేచి వెతకడానికి వెళ్ళిపోయింది.

అన్నిటికంటే విచిత్రం తాతాజీ. కాలు మీద కాలు ఎప్పుడు దించాడో, ఎప్పుడు లేచి నిలబడ్డాడో, చేతులు జోడించి, "తప్పయిపోయిందండి" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. మిల్లులో కొత్త బాయిలరు తూర్పు వైపు పెట్టించమంటారా, ఉత్తరమా అని కూడా అడిగాడు.

ఇదంతా శివరామకృష్ణగారికి ఓ పక్కన వినపడుతూనే ఉంది. ఆ నిమిషం నోరు మూసుకుంటే చాలు, నిడదవోలులో బతికినన్నాళ్ళూ ఆయన ఎదురుపడితే జనం పక్కకు తప్పుకుంటారు. తాతాజీ జన్మలో స్విచ్ మాట ఎత్తడు. కాని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ళు తను చేసిన పనికి పేరొచ్చే రోజు వస్తే, ఆ పేరు కాస్తా అమ్మవారు పట్టుకుపోతోంది. కాదని చెబుదామంటే తల తిప్పడానికి లేదు. మిషను సగం లేచి ఉంది, ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి.

పాపాయమ్మగారు ఈసారి తల మీద పోద్దామని చెంబు నింపుకొచ్చింది. చెంబెత్తిన చెయ్యిని సూర్యకళ పట్టుకుంది.

అంతసేపూ ఆవిడ మొగుణ్ణొకసారి, తెరనొకసారి చూస్తూ నిలబడింది. తెర మీద అక్షరాలు ఆగుతున్నాయి. ఈయన చెబుతున్నారు. అవి కదులుతున్నాయి. మళ్ళీ ఆగుతున్నాయి. ఈయన చెబితే గాని కదలడం లేదు. ఇంగ్లీషు రాకపోయినా అది కనపడుతూనే ఉంది.

"పిన్నీ, ఆగు. ఆయనకేమీ పూనలేదు. డ్యూటీలో ఉన్నారు" అంది. "అందరూ కాస్త బయట కూర్చోండి. నువ్వు కూడాను తాతాజీ. బాయిలరు సంగతి తర్వాత అడుగుదువుగాని."

ఒక్కొక్కరే వెళ్ళారు. తాతాజీ పిల్లిలా వెళ్ళాడు. సూర్యకళ తలుపు దగ్గరగా వేసి, గుడ్డ తెచ్చి ఆయన పాదాల దగ్గర పసుపునీళ్ళు తుడిచి, కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"తర్వాత ఏం అడుగుతుందండీ?" అంది.

శివరామకృష్ణగారు చెప్పబోయేలోపే అది అడగనే అడిగింది. ఆయన ముందు దానికి జవాబు చెప్పి, ఆ తర్వాతే కళ్ళు తుడుచుకున్నారు.