వేంగై కాదు, ఎర్రచందనం

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా నన్ను మదురై దగ్గర అటవీ రేంజి అధికారిగా వేశారు. ఆ వేసవిలోనే మేలూరు వైపు ఒక తోటలో ఎర్రచందనం కొట్టారని ఫిర్యాదు వచ్చింది. జిల్లా అటవీ అధికారిణి స్వయంగా బయలుదేరారు. ఆవిడది కోయంబత్తూరు. ఆఫీసులో తమిళం తప్ప మాట్లాడగా నేను వినలేదు.

జీపు దిగాక తెలిసింది, ఆ తోట మా మేనమామదని. కాలేజీ చదివినన్నాళ్లూ నేను ఆయన ఇంటి అన్నమే తిన్నాను.

దుంగలు చూడగానే ఎర్రచందనమని తెలిసిపోయింది. వేంగై, అంటే ఆంధ్రలో ఏగిస అనే చెట్టు, ఎర్రచందనం రెండూ చిక్కుడు కుటుంబానివే, టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతివి. రెంటి కాయా చుట్టూ రెక్కతో బిళ్లలా ఉంటుంది. అయితే ఎర్రచందనం రెమ్మకు మామూలుగా మూడే ఆకులు, వేంగైకి అయిదు నుంచి ఏడు. లోపలి చేవ ఎర్రచందనానిది ముదురెరుపు, వేంగైది పసుపు తిరిగిన గోధుమరంగు. ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ జాబితాలో వేంగై ముప్పు అంచున ఉంది, ఎర్రచందనం అంతరించే ప్రమాదంలోనే పడింది. సొంత పొలంలో నాటినదైనా అనుమతి లేకుండా కొడితే కేసు.

మామ నా పక్కకొచ్చి, గొంతైనా తగ్గించకుండా, ఇంటి తెలుగులో అన్నాడు: "అల్లుడా, వేంగై అని రాసేయిరా. ఈయమ్మకు మన మాట యాడ తెలుస్తుంది?" తరాలుగా తమిళనాట ఉంటున్న మా తెలుగువాళ్లకు అదో పాడు అలవాటు. పక్కవాళ్లకు అర్థం కాకూడదంటే తెలుగులోకి దిగుతాం, ఆ పక్కవాళ్లింట్లోనూ అదే మాటేమో అనుకోం.

ఏమంటున్నారని మేడం నన్ను తమిళంలో అడిగారు. ఎండగా ఉంది, మజ్జిగ తాగమంటున్నారని చెప్పాను.

చెట్టు విషయంలో మాత్రం అబద్ధమాడలేదు. ఎర్రచందనమనే చెప్పాను. మామ చూసిన చూపుకు తల వంచుకున్నాను. దుంగలు కొలిచి, వాటి మీద అటవీశాఖ సుత్తితో ముద్ర కొట్టి, స్వాధీనపు కాగితం మీద ఆయన సంతకం తీసుకున్నాక మేడం లేచారు. గార్డులందరి ముందూ, అచ్చం మా ఇళ్లలో మాట్లాడే తెలుగులో, మామను అడిగారు.

"మజ్జిగ యాడ, పెద్దాయనా?"

మామ బిత్తరపోయి నా మొహం చూశాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

కేసును ఆవిడ పక్క రేంజికి మార్చారు. నా మీద ఒక్క ముక్క రాయలేదు. రాసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అది ఏ చెట్టో చెప్పేముందు, ఆ మనిషి తనకేమవుతాడో అధికారి చెప్పాలి. నేను ఆ వరస తప్పాను.