మా తోడికోడలి జనం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి నడుము వాల్చానో లేదో, మా మరిది మనవరాలు ముందు గదిలో గుండ్రటి దీపమొకటి నిలబెట్టి, దాని నడుమ ఫోను బిగించి పాడడం మొదలుపెట్టింది. కాలేజీ చదువు కోసం ఈ పిల్ల నంద్యాలలో మా ఇంట్లోనే ఉంటోంది. పాటలు తనే రాసుకుంటుంది, తనే పాడుకుంటుంది, ఏ కంపెనీ వాళ్ళ గడపా తొక్కదు. పాడుతున్నంతసేపూ ఫోను మీద ఎర్రటి గుండెలు బుడగల్లా పైకి పోతుంటాయి, ఎవరెవరో తమ ఊరి పేరు రాసి పలకరిస్తుంటారు. ఆ రోజు పాట అయ్యాక నా మంచం మీద కూర్చుని, వినేవాళ్ళు ఎంతకీ పెరగడం లేదని దిగులుపడి, చివరికి అడిగింది గదా, "పెద్దవ్వా, ఫోన్లు గూడా లేని కాలంలో మా అవ్వ అంత జనాన్ని యాడనుంచి తెచ్చుకునిందబ్బా?" అని.

వాళ్ళ అవ్వ అంటే మా మరిది భార్య, నా తోడికోడలు. పోయి ఏడాది కావస్తోంది. సంగీతం నేర్చుకున్నదాన్ని నేను, బళ్ళో ఇన్నేళ్ళు పిల్లలకు పాటలు నేర్పినదాన్ని నేను, ఆ పిల్లకు రోజూ వండి పెడుతున్నదాన్ని నేను. అడిగితే నన్ను గురించి అడగాలి గానీ ఆమెను గురించి అడుగుతుందా? ఆరిపోయిందనుకున్న కడుపుమంట మళ్ళీ రాజుకుంది. తోడికోడళ్ళతో కాపురం చేసిన నా ఈడు ఆడవాళ్ళు అర్థం చేసుకుంటారనే ఇదంతా చెబుతున్నాను.

మా నాయన నంద్యాల చర్చిలో హార్మోనియం వాయించేవాడు. శ్రుతి తప్పితే అన్నం దగ్గర కూడా తిట్టేవాడు, అంత నిష్ఠ. ఆ చేతి కింద పెరిగి నేను ఆళ్లగడ్డకు కోడలిగా పోతే, మా అత్తగారు చుట్టుపక్కల వాళ్ళనందరినీ పిలిచి, చాప పరిచి నాచేత పాడించేది. నేనూ మా ఆయనా ఉద్యోగాల వల్ల నంద్యాలలోనే ఉన్నా, సెలవులకు ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా ఆ చాప పరుచుకునేది, నా గొంతు పలికేది, ఆ భోగం అలా కొన్నేళ్ళు సాగింది. తర్వాత మా మరిదికి ఉయ్యాలవాడ వైపు రైతుల ఇంటి పిల్లను చేసుకున్నారు. ఆమెదేమో బొంగురు గొంతు. హార్మోనియం మెట్లలో ఏది తెలుపో ఏది నలుపో తప్ప ఇంకేమీ తెలియదు. పైగా తనే పాటలు కట్టేది! వంటింట్లో ఆమె కూనిరాగం తీస్తుంటే నేనూ మా అత్తా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. శనివారం వచ్చిందంటే చాలు, ఆమె చంటిబిడ్డను చంకనేసుకుని బస్సెక్కి ఏదో ఒక పల్లెకు పోయేది. పోయి తన పాట పాడేది కాదు, ముందు అక్కడి ఆడవాళ్ళ చేత పాడించుకునేది. శనగ కోసేటప్పుడు ఏం పాడుకుంటారు, పత్తి తీసేటప్పుడు ఏం పాడుకుంటారు అని అడిగి, ఆ వరస పట్టుకొచ్చి, దాని మీద తన మాటలు కూర్చి, మరుసటి నెల మళ్ళీ పోయి వినిపించేది. తమ చేలో పుట్టిన వరస దేవుడి పాటగా తిరిగొస్తే ఏ ఊరి వాళ్ళు మాత్రం కాదనుకుంటారు? ఉయ్యాలవాడ పాట ఒకటి, నందికొట్కూరు పాట ఒకటి, ఇలా ఊరికొక పాట తయారైంది. పక్క ఊళ్ళో ఆమె పాడుతోందంటే, తమ ఊరి పాట పాడుతుందో లేదో చూసుకోవడానికి ఆటోల్లో కిక్కిరిసి పోయేవాళ్ళు.

అప్పుడే నేను కర్నూలుకు పోయి తబలా, వయొలిన్ పెట్టించి క్యాసెట్టు చేయించాను. అట్ట మీద నా ఫోటో, పట్టుచీర. బంధువులందరికీ పంచాను, అందరూ షోకేసులో పెట్టుకున్నారు. ఆమె కూడా ఒకటి చేసింది, పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చే అతని గదిలో కూర్చుని. రెండో పాట నడుమ కోడి కూసింది వినండి, నిజంగానే కూసింది. ఆ క్యాసెట్టు మాత్రం ఊరికొక్కటే ఇచ్చేది. ఇంకొకటి ఇమ్మని ఎంత బతిమాలినా ఇచ్చేది కాదు. అదేం పిసినారితనమని నేనడిగితే, "ఇంటికొకటిస్తే ఎవరింట్లో వాళ్ళు ఇనుకుంటారక్కా. ఒకటే ఉంటే అందరూ ఒక సోట కూసుంటారు" అనింది. ఏం తెలివో, ఎవరు నేర్పారో! నాకెందుకు తోచలేదని ఆ పూట అన్నం సయించలేదు.

అత్త కొట్టినందుకు కాదుగానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈమె నన్ను చూసి ఒక్కసారి నవ్వినా బాగుండేది, హాయిగా పోట్లాడుకునేదాన్ని. అక్కా అక్కా అని కొంగు పట్టుకుని తిరిగేది. నంద్యాలలో చర్చి వాళ్ళ పెద్ద కూటాలు జరిగిన ఏడు మా ఇద్దరినీ పాడమన్నారు. నేను పాడాను. ఎంత బాగా పాడానో నాకు తెలుసు. జనం తల మీద కొంగు సర్దుకుని బుద్ధిగా విన్నారు. తర్వాత ఆమె మైకు ముందుకొచ్చి ఒక్క పాదం ఎత్తుకుందో లేదో, వెనక వరసల్లోని పల్లె ఆడవాళ్ళందరూ లేచి అందుకున్నారు, ఆమె గొంతు వినబడనే లేదు. వేదిక మీద కూర్చుని నేను చప్పట్లు కొట్టాను. కొట్టక చస్తానా, అందరూ చూస్తుంటే.

ఇక లాభం లేదని, ఆమె అప్పటికి అడుగుపెట్టని ఆత్మకూరుకు నేను పోయాను. నాకూ ఒక ఊరు కావాలి, ఒక్కటి చాలు అనుకున్నాను. మా బళ్ళో ఆయాకు తెలిసినవాళ్ళు, అడవికి కట్టెలకు పోయే ఆడవాళ్ళు, ఒకచోట చేరారు. మీ పాటొకటి పాడండమ్మా అంటే సిగ్గుపడి, ఒకరినొకరు పొడుచుకుని, చివరికి పాడారు. ఎంత చక్కటి వరస! ఒక్క మూడో పాదం చివర మాత్రం తాళానికి అందకుండా సాగదీస్తున్నారు. ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేను. మా నాయన పెంపకం అది. చేత్తో తాళం వేసి చూపించి, ఇక్కడ ఆపాలి అన్నాను. మళ్ళీ పాడారు, మళ్ళీ సాగదీశారు. మళ్ళీ ఆపాను. మూడోసారి ఎవరూ నోరు తెరవలేదు. పొద్దుపోతాందని ఒకరు, పొయ్యి మీద ఎసరుందని ఒకరు లేచి వెళ్ళిపోయారు. అది తాళం తప్పేనని ఇప్పటికీ అంటాను.

కొన్నాళ్ళకు ఆళ్లగడ్డ పోతే, మా తోడికోడలు రోకలి పోటు వేస్తూ కొత్త పాట అందుకుంది. అదే వరస. మూడో పాదం చివర అదే సాగదీత. నా చెవులు భగ్గుమన్నాయి. ఇది నీకెక్కడిదే అని అడిగితే, ఆమె దంచడం ఆపకుండానే, "వాళ్ళే ఎతుక్కుంటా వచ్చినారక్కా. ఎవరో టీచరమ్మ వచ్చి మా పాట దిద్దిపాయ, నువ్వన్నా దిద్దకుండా పాడు అన్యారు" అనింది. ఆ టీచరమ్మ నేనేనని ఆమెకు తెలుసో తెలియదో, ఆ మొహంలో ఏమీ కనబడలేదు. నేను చాటలో బియ్యం చెరుగుతూ కూర్చున్నాను.

నిరుడు ఆమె పోయినప్పుడు ఆళ్లగడ్డ వీధిలో జనం పట్టలేదు. ట్రాక్టర్లలో, ఆటోల్లో, బస్సులు మారి వచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఊరి వెంట ఊరు శవపెట్టె దగ్గరికొచ్చి తమ తమ పాట పాడి, పక్కకు జరిగి తరువాతి ఊరికి చోటిచ్చారు. ఆత్మకూరు వాళ్ళూ వచ్చారు, తలలు నెరిసి. నేను తల దగ్గరే కూర్చుని ఏడుస్తున్నాను, ఆ ఏడుపులో సగం ఆమె కోసమే. మిగతా సగం ఏమిటో పైనున్న దేవుడికి తెలుసు, మీకు కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. చచ్చిపోయిన మనిషిని చూసి కూడా ఓర్వలేకపోయాను.

ఇదంతా మనవరాలికి చెప్పవచ్చు. అడిగినప్పుడు మాత్రం, "నాకేం తెలుసే, దేవుడిచ్చినాడు" అని అటు తిరిగి పడుకున్నాను.

కాలం మారిపోయింది. పల్లెల్లో ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ళు వైర్లు పెట్టుకుని చేలోకి పోతున్నారు, ఒకరి పాట ఒకరికి తెలియదు. పోయినవాళ్ళ ఇంటి ముందు కూడా పాడే మనుషులు లేరు, స్పీకరు పెట్టి వదిలేస్తున్నారు. మా అబ్బాయి నా క్యాసెట్టు పాటలన్నీ ఫోనులోకి ఎక్కించి భద్రంగా ఉంచాడు, మంచి పిల్లవాడు. నిన్న ఒకసారి పెట్టుకుని విన్నాను. శ్రుతి ఎక్కడా తప్పలేదు, తాళం ఎక్కడా జారలేదు. రేపు నా వంతు వచ్చినప్పుడు స్పీకరులో వేసేదీ అదేనేమో. ఆమెకు ఊళ్ళకు ఊళ్ళు వచ్చి పాడిపోయాయి, నాకు మాత్రం నేనే పాడుకోవాలి.