మత్తు డాక్టరమ్మ ఓపిక

ఏడో తరగతిలోనే బడి వదిలేసిన నా బుర్రకు ఎవరూ మత్తు ఇవ్వలేదు. అది పుట్టుకతోనే మొద్దునిద్రలో ఉంది. అందుకే కరీంనగర్ దవాఖానలో మా మూడేళ్ల బిడ్డకు హెర్నియా ఆపరేషన్ అనగానే, మత్తుమందు వల్ల దాని బుర్ర కూడా నాలాగే అయిపోతుందేమోనని భయపడ్డాను. మత్తు డాక్టరమ్మను నాలుగుసార్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టి, ఆ ప్రశ్న అప్పుడే మొదటిసారి విన్నట్టు జవాబిచ్చేది.

"ఒక్కసారి, కొద్దిసేపు ఇచ్చే మత్తుతోని పిల్లల తెలివి తగ్గినట్టు కనవడలే తమ్మీ. ఫికర్ చెయ్యకు."

ఆపరేషన్ అయ్యి బిడ్డ కళ్లు తెరవగానే, "పన్నెండు ఎనిమిదులెంత బిడ్డా?" అని అడిగాను.

"అవ్వ ఏది?" అంది అది, వాళ్లమ్మ కోసం చూస్తూ.

నేను డాక్టరమ్మ దగ్గరికి ఉరికాను. "మేడమ్, బిడ్డ ఎక్కం చెప్తలేదు!"

ఆమె నవ్వకుండానే అడిగింది: "నిన్న చెప్పిందా తమ్మీ?"